కుడి పక్కకు ఒత్తిగిలితే ఇల్లు తిరుగుతుంది, ఎడమ చెవి వినపడదు

ప్రశ్న: మాది మునుగోడు వైపు ఊరు. నేను ఎల్బీ నగర్‌లో ఒక షాపులో పనిచేస్తాను. మా అమ్మకు 57 ఏళ్లు. ఏడు నెలల నుంచి తెల్లారి మంచం మీద నుంచి లేచేటప్పుడు, రాత్రి కుడి పక్కకు ఒత్తిగిలినప్పుడు "ఇల్లంత గిర్ర గిర్ర తిరుగుతుంది బిడ్డా" అని మంచం పట్టె పట్టుకుంటుంది. అరనిమిషంలో తగ్గుతుంది, కానీ కడుపులో తిప్పి ఒక్కోసారి వాంతి అవుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ మెడ ఎముకలు అరిగాయని చెప్పి కాలర్ పెట్టించాడు, గోలీలు రాశాడు. ఇప్పటికీ అవే వేసుకుంటోంది. ఈమధ్య చేతులు సన్నగా వణుకుతున్నాయి, నడక మెల్లగైంది. పత్తి ఏరడానికి పోతూ ఒకసారి పడింది కూడా. ఎడమ చెవి రెండు మూడేళ్లుగా సరిగ్గా వినపడదు, గుయ్‌మంటుందట. చిన్నప్పుడు ఆ చెవి కారేదట. ఊళ్లో వాళ్లు బోరు నీళ్ల వల్లే అంటున్నారు. చైనాలో ఒక్క ఇంజెక్షన్‌తో చెవుడు పోయిందని పేపర్లో చదివాను. ఇవన్నీ ఒకటే జబ్బా? ఆ ఇంజెక్షన్ మన దగ్గరికి వచ్చేదాకా ఆగమంటారా?

జవాబు: తమ్ముడూ, ఆగొద్దు. మీ అమ్మకు కావాల్సింది చాలావరకు నల్గొండలోనే దొరుకుతుంది. అందులో ముఖ్యమైనదానికి ఇంజెక్షన్ కాదు కదా, గోలీ కూడా అక్కర్లేదు.

నల్గొండలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా పనిచేస్తున్న నేను రోజూ వినే మాట "సక్కరొస్తుంది మేడం", అంటే తల తిరుగుతోందని. ఈ ఒక్క మాటలో పది జబ్బులు దాక్కుంటాయి. బీపీ పడిపోయి కళ్లకు చీకట్లు కమ్మినా సక్కరే, రక్తం తక్కువై నీరసించినా సక్కరే, పరీక్షల టెన్షన్‌తో తల తేలిపోయినా సక్కరే. మీ అమ్మ చెప్పింది వేరు. ఇల్లు తిరిగింది, ఒక పక్కకు ఒత్తిగిలినప్పుడే తిరిగింది, అరనిమిషంలో ఆగింది. ఇంత స్పష్టంగా చెప్పే పేషెంటు దొరకడం మాకు అదృష్టం. పరీక్ష చేయకుండా తేల్చి చెప్పకూడదు గానీ, ఇది లోపలి చెవిలో గుల్లలు జారిన తిరుగుడు అయి ఉండాలి. మా భాషలో దీన్ని బీపీపీవీ అంటాం.

లోపలి చెవిలో వినికిడికి నత్తగుల్ల లాంటి భాగం ఒకటుంటే, నిలకడకు వేరే భాగం ఉంది. తాపీమేస్త్రీ రసమట్టం చూసుంటారు కదా. అలాంటివి మూడు, మూడు దిక్కులకు అమర్చినట్టు మూడు సన్నని అర్ధవలయాల గొట్టాలు, లోపల ద్రవం. తల ఎటు తిరిగితే ఆ ద్రవం కదిలి మెదడుకు కబురు పంపుతుంది. వాటి పక్కనే ఉన్న చిన్న సంచిలో జిగురు మీద సన్నని గుల్లలు పరిచి ఉంటాయి. వెంట్రుక మందం కూడా ఉండవు. అవి కాల్షియం కార్బొనేట్, అంటే మన వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయిలో ఉండే పదార్థమే. వయసు మీద పడినా, తలకు దెబ్బ తగిలినా, కొన్నిసార్లు ఏ కారణమూ లేకుండానే ఆ గుల్లలు ఊడి గొట్టంలోకి జారతాయి. ఇక మీరు ఒత్తిగిలి ఆగినా గుల్లలు ఆగవు, గొట్టంలో జారుతూనే ఉంటాయి. తల ఇంకా తిరుగుతోందని చెవి, లేదని కళ్లు మెదడుకు చెబుతాయి. ఆ గొడవే మీ అమ్మకు ఇల్లు తిరిగినట్టు కనిపించేది. గుల్లలు అడుగుకు చేరగానే ఆగిపోతుంది. అందుకే అరనిమిషం.

నాలుగేళ్ల కింద ఇది నాకే వచ్చింది. అల్మారా తలుపు తలకు కొట్టుకున్న వారానికి, అర్ధరాత్రి ఎడమకు ఒత్తిగిలాను. జబ్బు పేరు తెలుసు, ఎందుకొస్తుందో తెలుసు, ఎప్పుడు ఆగుతుందో తెలుసు. అయినా పరుపును రెండు చేతులా పట్టుకుని పెద్దగా అరిచాను. కాబట్టి మీ అమ్మ ఊరికే భయపడుతోందని ఎవరైనా అంటే నమ్మకండి.

దీన్ని పట్టుకునే పరీక్షకు మిషన్ అక్కర్లేదు. మంచం మీద కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, తల మంచం అంచు దాటి కొంచెం వేలాడేలా చకచకా వెనక్కి పడుకోబెడతాం. రెండు మూడు సెకన్లలో కనుగుడ్లు ఒక తీరుగా కొట్టుకుంటాయి. ఏ చెవి, ఏ గొట్టం అన్నది ఆ కళ్లే చెబుతాయి. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు రాసిన పరీక్ష ఇది. లక్షణాలు ఇంత సూటిగా ఉండి ఈ పరీక్షలో కళ్లు కూడా అదే చెబితే స్కానింగ్ అవసరం లేదు. ఆ డబ్బు దాచుకోండి.

ఇక మందు. అమెరికాలో జాన్ ఎప్లీ అనే డాక్టరు, గుల్లలు జారి లోపలికి పోయాయంటే తలను వరసగా తిప్పి అదే దారిన బయటికి జార్చవచ్చు కదా అనుకున్నాడు. మొదట చెప్పినప్పుడు సాటి డాక్టర్లే నవ్వారు. చివరికి 1992లో అచ్చైంది. ఇవాళ ప్రపంచమంతా చేసేది అదే. మొత్తం ఐదారు నిమిషాల పని. పదిమందిలో ఎనిమిది మందికి ఒకటి రెండు సార్లతోనే తగ్గిపోతుంది. చేసేటప్పుడు మాత్రం ఇల్లు ఒకసారి గట్టిగా తిరుగుతుంది, ముందే అమ్మకు చెప్పండి. తర్వాత నాలుగైదు రోజులు అడుగు తూలినట్టు ఉండొచ్చు. ఆ రాత్రి కూర్చునే నిద్రపోవాలని వెనకటికి చెప్పేవాళ్లు. దాని అవసరం లేదని తర్వాతి అధ్యయనాల్లో తేలింది, హాయిగా పడుకోవచ్చు.

బోరు నీళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో 'నల్గొండ టెక్నిక్' అని పేరుందంటేనే మన బాధ అర్థమవుతుంది. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల మెడ, నడుము నేను రోజూ చూస్తాను. అయితే అరనిమిషం తిరిగి ఆగే ఈ తిరుగుడుకు మాత్రం బోరును నేరస్తుడిని చేయలేం, ఫ్లోరైడ్ లేని ఊళ్లలోనూ ఇది ఇలాగే వస్తుంది. బోరు ప్రభావం కనపడేది చికిత్స దగ్గర. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపూసలను కట్టి ఉంచే పట్టీలు గట్టిపడి మెడ బిగుసుకుంటుంది. అలాంటి మెడను వెనక్కి వేలాడదీయకూడదు. మీ అమ్మ పైకప్పును తల ఎత్తి చూడగలదా, రెండు భుజాల మీదుగా వెనక్కి చూడగలదా అన్నది డాక్టరుకు ముందే చెప్పండి. మెడ బిగుసుకుని ఉంటే దానికీ దారి ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన సెమోంట్ 1988లో చెప్పిన పద్ధతిలో మెడను వెనక్కి వంచే పని లేదు, మనిషి మొత్తాన్నీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వేగంగా పడుకోబెడతారు. ఇద్దరు పట్టుకుంటే సులువు. యూట్యూబ్ చూసి మీరే అమ్మ తల తిప్పకండి, కనీసం మొదటిసారి వద్దు. ఏ చెవో తెలియకుండా తిప్పితే గుల్లలు ఇంకో గొట్టంలోకి పోవచ్చు. ఒకసారి తేలాక డాక్టరే మీకు నేర్పిస్తారు, మళ్లీ వస్తే ఇంట్లోనే చేసుకోవచ్చు.

మళ్లీ వస్తుందా అంటే, వచ్చే అవకాశం బాగానే ఉంది. కొన్నేళ్లలో మూడో వంతు నుంచి సగం మందికి తిరగబెడుతుంది. దీని మీద కొరియాలో చేసిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. 957 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపులో విటమిన్ డి తక్కువున్న వాళ్లకు ఏడాది పాటు విటమిన్ డి, కాల్షియం ఇచ్చారు. ఆ గుంపులో తిరగబెట్టడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఎండలో పనిచేసే మనిషికి విటమిన్ డి తక్కువేంటి అనుకోకండి. పత్తి చేనుకు పోయేటప్పుడు చీర మీద పొడుగు చేతుల అంగీ, తలకు తువ్వాల. ఎండ తగిలేది ముఖానికీ వేళ్లకే. రక్తపరీక్ష చేయించి తక్కువుంటేనే వాడండి, అదీ రోజువారీ చిన్న మోతాదులో. మందుల షాపుకు పోయి ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ పొడిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి. యాభై దాటిన వాళ్ల మెడ ఎక్స్‌రే తీస్తే ఎక్కువమందికి ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. నాకూ ఉంది. ఆ ఎక్స్‌రేను లైటుకు పట్టి చూపించి "ఇదిగో నీ సక్కర్" అనడం తేలిక. మెడ అరిగితే మెడ నొప్పి, చెయ్యి లాగడం వస్తాయి గానీ, మంచం మీద కుడికి ఒత్తిగిలితే మాత్రమే ఇల్లు తిరగదు. చేతులు కాళ్లలో తిమ్మిరి, బలహీనత లేకపోతే ఆ కాలర్ తీసేయించండి.

కాలర్ కంటే గోలీల మీదే నాకు ఎక్కువ అనుమానం. మీరు పేరు రాయలేదు. స్ట్రిప్ వెనక సిన్నరిజిన్ అని గానీ, ప్రోక్లోర్‌పెరజిన్ అని గానీ ఉందేమో చూడండి. తిరుగుడు గట్టిగా ఉన్న మొదటి మూడు నాలుగు రోజులకు అవి మంచి మందులే. ఏడు నెలలు వాడేవి కావు. నెలల తరబడి వాడితే కొందరిలో పార్కిన్సన్ జబ్బు లాంటి లక్షణాలు తెస్తాయి, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. చేతుల వణుకు, మెల్లగైన నడక అని మీరు రాసింది చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే. మందు ఆపితే ఎక్కువమందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. స్ట్రిప్ తీసుకుని ఈ వారంలోనే డాక్టరుకు చూపించి, ఎలా ఆపాలో అడిగి ఆపేయండి. ఇంకో మాట, ఈ మందులు మత్తిచ్చి, తిరుగుడుకు మెదడు అలవాటు పడకుండా అడ్డుపడతాయి. పత్తి చేను దారిలో పడిపోవడానికి జబ్బు ఎంత కారణమో గోలీ అంత కారణమై ఉండొచ్చు.

స్ట్రిప్ మీద బీటాహిస్టిన్ అని ఉంటే ఆ భయం లేదు, కానీ లాభమూ పెద్దగా లేదు. గొట్టంలో జారిన గుల్లను గోలీ తెచ్చి బయట పెట్టదు కదా. ఆ మందును ఎక్కువగా రాసేది మెనియర్ జబ్బుకు. పారిస్ డాక్టరు ప్రాస్పర్ మెనియర్ 1861లో, తిరుగుడు మెదడు నుంచే కాదు, చెవి నుంచి కూడా వస్తుందని మొదట గట్టిగా వాదించాడు. ఆ జబ్బులో తిరుగుడు కనీసం 20 నిమిషాలు, ఒక్కోసారి గంటల తరబడి ఉంటుంది. చెవి బిగేసినట్టై, హోరు పెట్టి, వినికిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దానికీ బీటాహిస్టిన్ ఎంత పనిచేస్తుందో జర్మనీలో 221 మంది మీద తొమ్మిది నెలలు చూశారు. తక్కువ డోసు వాళ్లకు, ఎక్కువ డోసు వాళ్లకు, ఉత్తుత్తి గోలీ ఇచ్చిన వాళ్లకు ముగ్గురికీ ఒకేలా తగ్గింది. 2016లో ఆ ఫలితం వచ్చినప్పుడు నా డ్రాయర్ నిండా ఆ శాంపిళ్లే. మీ అమ్మది అరనిమిషం తిరుగుడు, మెనియర్ లెక్కలోకి రాదు.

ఇక ఎడమ చెవి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇదే. తిరుగుడు కుడికి ఒత్తిగిలితే వస్తోంది, అంటే గుల్లలు జారింది బహుశా కుడి చెవిలో. వినపడనిది ఎడమ చెవి. పైగా గుల్లలు జారితే వినికిడి తగ్గదు. రెండూ చెవివే కాబట్టి అందరూ ఒకటే జబ్బు అనుకుంటారు. నా లెక్కలో మీ అమ్మకు రెండు చెవుల్లో రెండు వేరువేరు సంగతులున్నాయి. కుడిది తగ్గిపోతే ఎడమదాన్ని మర్చిపోతారేమోనన్నదే నా భయం.

చిన్నప్పుడు కారిన చెవి అన్నారు. మన ఊళ్లలో జలుబు చేసి చెవి కారితే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసి ఊరుకునేవాళ్లు. చీము ఆగిపోయినా కర్ణభేరికి పడ్డ చిల్లు కొందరికి అలాగే ఉండిపోతుంది. చిల్లు పొడిగా ఉంటే సంతోషమే, ఆపరేషన్‌తో మూయవచ్చు, వినికిడీ కొంత వెనక్కి వస్తుంది. కానీ ఇప్పటికీ అప్పుడప్పుడు చీము వచ్చి దుర్వాసన కొడుతోందా, అడగండి. చాలామంది సిగ్గుతో చెప్పరు, దూది పెట్టుకుని కొంగు కప్పుకుంటారు. వాసన వచ్చే చీము వెనక ఎముకను మెల్లగా తినేసే చర్మపు గడ్డ, కొలెస్టియాటోమా, ఉండొచ్చు. పేరు చూసి కొలెస్టరాల్ అనుకోకండి, సంబంధం లేదు. అది లోపలి గొట్టాల దాకా తింటే అదీ తిరుగుడు తెస్తుంది, అప్పుడు ఆపరేషన్ తప్పదు. నా లెక్క తప్పయ్యే అవకాశం ఉన్నది ఇక్కడే. అందుకే కుడి ఎడమ రెండూ చూపించమంటున్నాను. చూపించేదాకా ఆ చెవిలో నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్, షాపువాడిచ్చిన చుక్కలు, ఏవీ వద్దు. కర్ణభేరికి చిల్లుంటే జెంటమైసిన్ లాంటి చుక్కలు లోపలికి దిగి వినికిడి కణాలనే చంపగలవు.

కర్ణభేరి బాగానే ఉండి ఆ ఒక్క చెవికే నరం బలహీనమైందని ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్షలో, వస్తే ఎమ్మారై అడుగుతారు. ఆ స్కానింగ్‌కు మాత్రం వెనకాడొద్దు. వినికిడి నరం దగ్గర మెల్లగా పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ అరుదుగా ఉంటుంది, అది లేదని తేల్చుకోవడానికి. ఏమీ లేకపోతే వినికిడి యంత్రం. "ముసలిదాన్ని చేస్తున్నారా" అని అమ్మ ఒప్పుకోకపోతే పడిపోయిన సంగతి గుర్తు చేయండి. కొంచెం చెవుడున్న వాళ్లు కూడా మామూలు వాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పడిపోయినట్టు చెప్పారని 2012లో అమెరికాలో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. వెనక వచ్చే ట్రాక్టరు ఏ పక్క నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి.

మీరు చదివిన చైనా ఇంజెక్షన్ అబద్ధం కాదు. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు 2024 జనవరిలో ప్రకటించారు. ఓటీఓఎఫ్ అనే జన్యువులో లోపంతో పుట్టుచెవుడున్న ఆరుగురు పిల్లలకు, ఆ జన్యువు మంచి నకలును వైరస్‌లో ఎక్కించి లోపలి చెవిలోకి పంపితే ఐదుగురికి వినికిడి వచ్చింది. చదివి నేనూ సంబరపడ్డాను. మేనరికాలు ఎక్కువైన మన దగ్గర పుట్టుచెవుడు పిల్లలు తక్కువేం కాదు. కానీ ఆ ఒక్క జన్యువు లోపం ఉన్నవాళ్లు అందులో కొద్దిమందే. ఆ పిల్లల చెవిలో కణాలు బతికే ఉంటాయి, కబురు అందించే ఒక ప్రొటీన్ మాత్రమే లేదు. దాన్ని తెచ్చిపెట్టారు, అంతే. వయసుతోనో, రైసుమిల్లు మోతతోనో, మందులతోనో చచ్చిపోయిన కణాలది వేరే కథ. చెవికి పదిహేను వేల పైచిలుకు కణాలతో పుడతాం, పోయినవి మళ్లీ మొలవవు. కోడికి మొలుస్తాయని 1980ల చివర్లో కనిపెట్టారు, అప్పటినుంచీ మనిషికి మొలిపించాలని చూస్తూనే ఉన్నారు. ఎన్నో ఆశలు పెట్టుకున్న ఒక ఇంజెక్షన్ 2023లో ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయక ఆగిపోయింది. మీ అమ్మ ఎడమ చెవిది కర్ణభేరి చిల్లే అయితే ఈ పరిశోధనలతో అసలు పనే లేదు.

కొన్ని విషయాల్లో మాత్రం నా ఉత్తరం పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి. తిరుగుడు అరనిమిషం కాకుండా గంటల తరబడి ఆగకపోయినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనపడినా, ఒక పక్క చెయ్యి కాలు పడినా, నిలబెడితే నిలబడలేకపోయినా అది పక్షవాతం కావచ్చు. అలాగే బాగున్న చెవి రాత్రికి రాత్రి మూసుకుపోతే గుబిలి అనుకుని చుక్కలు వేస్తూ కూర్చోవద్దు. స్టెరాయిడ్ మందు మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఆశ, రెండు వారాలు దాటితే ఆ ఆశ బాగా తగ్గుతుంది. దేవరకొండ వైపు నుంచి ఒక మేస్త్రీ నలభై రోజులు చుక్కలు వేసుకుని వచ్చాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఎక్కడికి పోవాలంటే, నల్గొండ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ ఉంది. మీ దగ్గరికే తెచ్చుకుంటే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఎల్బీ నగర్‌కు దూరం కాదు, కాకపోతే పొద్దున్నే లైన్లో ఉండాలి. ఈలోగా మంచం దిగే ముందు అంచున ఒక నిమిషం కూర్చోమనండి. రాత్రి బాత్రూం దారిలో బల్బు వెలగనివ్వండి. అటక ఎక్కడం, బావి గట్టు మీద నడవడం ఆపించండి.

ఓపీలో అమ్మను మాట్లాడమంటే "సక్కరొస్తుంది సారూ" అంటుంది, వాళ్లు బీపీ చూసి పంపేస్తారు. ఆ రద్దీలో వాళ్లకూ టైముండదు. మీరు పక్కనుండి నాకు రాసినట్టే చెప్పండి: కుడి పక్కకు ఒత్తిగిలితే, అరనిమిషం, ఏడు నెలల నుంచి. ఎడమ చెవి వేరే, చిన్నప్పుడు కారేది. గోలీల స్ట్రిప్ జేబులో పెట్టుకుని పోండి. ఆడియోగ్రామ్ వచ్చాక ఫొటో తీసి నాకు పంపితే ఎడమ చెవి గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.